పట్టూ విడుపూ



2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నంలో ఉన్నవాళ్లకి ఈ తేదీ చెబితే చాలు, మిగతా కథ వాళ్లే చెప్పేస్తారు. హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద తీరం దాటిన రోజు అది. హుద్‌హుద్ అంటే తల మీద కుచ్చు ఉండే ఓ పిట్ట. ఒమన్ దేశం సూచించిన పేరు. పేరు పిట్టదే గానీ, గాలి మాత్రం గంటకి 180 కిలోమీటర్ల వేగంతో కొట్టింది.

అప్పుడు మేం పెదవాల్తేరులో మూడో అంతస్తులో ఉండేవాళ్లం. బాల్కనీ తలుపు సముద్రం వైపుకి. ఆ తలుపు చూసే ఇల్లు తీసుకున్నాం. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో దాని గడియ ఊడిపోయింది. నేను పరిగెత్తి రెండు చేతులూ ఆనించి, భుజం మోపి, ఎదుటి గోడకి కాలు తన్నిపెట్టి నిలబడ్డాను. గాలి నెడితే తలుపు నాలుగు వేళ్ల మేర తెరుచుకుంటుంది. నేను నెడితే మూసుకుంటుంది. ఆ సందులోంచి వాన అడ్డంగా వచ్చి మొహానికి సూదుల్లా గుచ్చుకుంటోంది. నాలుక మీద ఉప్పగా తగిలింది. వానతో పాటు సముద్రం కూడా మూడో అంతస్తుకి వచ్చిందన్నమాట.

అలా నలభై నిమిషాలు. అప్పటికి నాకు యాభై నాలుగేళ్లు. హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుందని ఏటా పిల్లలకి చెప్పేవాణ్ణి. చెప్పిన పాఠమంతా ఆ పూట గాలికి కొట్టుకుపోయింది. ఒకటే మొండితనం: ఈ తలుపు పోతే ఇల్లు పోయినట్టే.

మా అమ్మ నడవలో నిలబడి కాసేపు నన్ను చూసింది. ఆవిడకి డెబ్భై ఎనిమిది. పుట్టిందీ పెరిగిందీ భీమిలి పక్కన పల్లెలో. చూసి చూసి ఒక్క కేక వేసింది.

"ఒగ్గెయ్‌రా! తలుపు ఒగ్గేసి లోపలికి రా!"

"సామానంతా తడిసిపోద్దమ్మా!" అన్నాను.

"తడిస్తే ఆరతాది. నువ్వు రా ముందు!"

ఒగ్గేశాను. తలుపు వెళ్లి గోడకి కొట్టుకుంది. పై అద్దం పగిలింది. టీవీ బోర్లా పడింది. బీరువాలోని పుస్తకాలు హాలంతా ఎగిరాయి. మేం ఇంటి నడిమధ్య, కిటికీ లేని సామాన్ల గదిలోకి దూరి తలుపేసుకున్నాం. రెండు నిమిషాలు ఊపిరి కూడదీసుకున్నాక నాకు తెలిసొచ్చింది: పై అంతస్తులో ఒక ముసలి దంపతులు ఒంటరిగా ఉన్నారు. వాళ్ల పిల్లలు పై దేశంలో. నలభై నిమిషాలుగా వాళ్ల సంగతి నాకు గుర్తే లేదు. గుర్తొచ్చినా ఏం చేసేవాణ్ణి? రెండు చేతులూ తలుపుకే అంకితం కదా. ఇప్పుడు చేతులు ఖాళీ. మెట్ల గది గోడల మధ్య నుంచి పైకెళ్లి, ఆయన్ని నేను, ఆవిణ్ణి మా ఆవిడ పట్టుకుని కిందికి తెచ్చాం. టాంకులో మిగిలిన నీళ్లు బిందెలకీ బకెట్లకీ పట్టాం. అమ్మ తన పాత ట్రాన్సిస్టరు వెతికి తెచ్చింది. సెల్‌ఫోన్లు మూగబోయాక ఆ ఇంట్లో బయటి కబురు చెప్పింది అదొక్కటే.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తగ్గింది. అయిపోయిందనుకుని నేను లేవబోతే సైన్సు గుర్తొచ్చి కూర్చున్నాను. అది తుపాను కన్ను. సుడికి నడుమ గాలి పెద్దగా ఉండదు. ఆ కన్ను దాటగానే రెండో సగం వస్తుంది, ఈసారి గాలి ఎదురు దిక్కునుంచి. అలాగే వచ్చింది. పొద్దున నేను కాపలా కాసిన తలుపు వైపు కాక, వంటింటి కిటికీ వైపు నుంచి కొట్టింది. నేను ఆ తలుపు దగ్గరే నిలబడి గెలిచి ఉన్నా, గాలి వెనకనుంచి వచ్చేది.

ఈవేళ నేను మాట్లాడదలచింది ఆ ఒక్క మాట గురించి. ఒగ్గెయ్. ఉత్తరాంధ్ర మాట. పుస్తకాల తెలుగులో వదిలెయ్, విడిచిపెట్టు అంటాం. దానికి దగ్గర్లో ఇంకో మాట ఉంది: చేతులెత్తెయ్యడం. రెండూ ఒకటే అనుకుంటాం గానీ చేతుల్ని చూడండి. చేతులెత్తేసినవాడి చేతులు గాల్లో ఉంటాయి. అవి దేనికీ పనికిరావు. ఒగ్గేసినవాడి చేతులు ఖాళీ అవుతాయి. ఖాళీ చేతులకి ఇంకో పని దొరుకుతుంది. మన పెద్దలు దీన్ని జంటపదంగానే చెప్పారు. పట్టూ విడుపూ తెలిసుండాలి అన్నారు. పట్టు ఒక్కటే తెలిస్తే మొండివాడంటారు, విడుపు ఒక్కటే తెలిస్తే నీరసుడంటారు.

ఈ పట్టూ విడుపూ బాగా తెలిసినవాళ్లు ఎవరంటే నేను జాలరిపేట వైపు చూపిస్తాను. పెదజాలరిపేట మా ఇంటికి నడిచే దూరం. అక్కడ నాకొక పాత శిష్యుడున్నాడు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి తండ్రితో వేటకెళ్లిపోయాడు. ఎప్పుడు కనిపించినా నా సంచిలో నాలుగు చేపలు వేసి, డబ్బులు తీసుకోవడానికి పేచీ పెడతాడు. ఓసారి అతను తన వల పోయిన కథ చెప్పాడు.

తీరానికి దూరంగా వల దించి ఉన్నారు. ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. కింద నీళ్లు ఒకవైపు లాగుతున్నాయి, పైన గాలి ఇంకోవైపు నెడుతోంది. వల బరువుకి పడవ వెనకభాగం కుంగి, కెరటం లోపలికి వస్తోంది. నలుగురు కలిసి లాగినా వల మూరెడు రావడం లేదు. అప్పు చేసి కొన్న వల. వడ్డీ ఇంకా తీరలేదు. అతను కత్తి తీసి తాడు కోసేశాడు.

"వల ఒగ్గెయ్యడం సులువనుకున్నారా మాస్టారూ? కత్తి తీసినప్పుడు సెయ్యి ఒణికింది. కోసేసినాక మరి ఒణకలేదు. సుక్కాని పట్టుకోవాలి గదా."

కాసేపాగి ఇంకో మాటన్నాడు. "సంద్రం మీద మన మాట సెల్లదు మాస్టారూ. సుక్కాని మీద సెల్తాది."

తొమ్మిదో తరగతి పూర్తి చెయ్యని మనిషి చెప్పిన ఈ రెండు వాక్యాల్ని, దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కిందట ఎపిక్టీటస్ అనే తత్వవేత్త తన బోధకి పునాది చేసుకున్నాడు. రోములో బానిసగా బతికినవాడు. తర్వాత విడుదలై గ్రీసులోని నికోపొలిస్‌లో బడి పెట్టాడు. ఆయన మాటల్ని శిష్యుడు కూర్చిన చిన్న పుస్తకం ఒకటి మిగిలింది. అది మొదలయ్యేదే ఈ విభజనతో: లోకంలో కొన్ని మన వశంలో ఉన్నాయి, కొన్ని లేవు. తీరిక ఉన్న దొర ఈ మాటంటే వినోదం అనుకోవచ్చు. తన ఒళ్లే తన సొంతం కాని మనిషి అన్నాడు. ఏది తనదో ఏది కాదో తేల్చుకోకపోతే ఆ బతుకులో ఒక్కరోజు గడవదు.

సముద్రం దగ్గరే ఉన్నాం కాబట్టి ఇంకో సంగతి చెబుతాను. ఇది వినడానికి వేదాంతంలా ఉంటుంది గానీ, ప్రాణం కాపాడే విషయం. మన తీరంలో స్నానాలకి దిగి మునిగిపోయినవాళ్ల వార్తలు ఏటా చదువుతాం. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. ఎందుకలా? కెరటాలు వరసగా ఒడ్డుకి నీళ్లు తెచ్చి పోస్తుంటాయి. ఆ నీళ్లు తిరిగి వెళ్లాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడో పల్లం ఉంటే, ఇరుకు కాలవలా ఆ దారిన వేగంగా లోపలికి పోతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. మోసం ఎక్కడంటే, అక్కడ కెరటాలు విరగవు. ఇరుపక్కలా నురగ, నడుమ మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. తెలియనివాళ్లు ఇదే మంచి చోటని అక్కడే దిగుతారు.

అది మనిషిని కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. ఒడ్డు కళ్లముందే దూరమవుతుంటే ఎవరైనా ఏం చేస్తారు? ఒడ్డుకేసి ఎదురీదుతారు. గట్టి ఈతగాడు కూడా ఆ ప్రవాహానికి ఎదురు నిలవలేడు. నాలుగైదు నిమిషాల్లో రెక్కలు పడిపోతాయి. మనిషిని చంపేది చాలాసార్లు ఆ అలసటే. చెయ్యాల్సింది వేరు. ముందు ఎదురీత ఆపాలి. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి. కెరటాలు విరిగే వరస దాటాక ఆ లాగుడు దానంతటదే సడలిపోతుంది. తర్వాత ఒడ్డుకి సమాంతరంగా, పక్కకి ఈదాలి. ఆ ఇరుకు దారి దాటగానే కెరటాలే మనిషిని ఒడ్డుకి తోస్తాయి. చెయ్యెత్తి పిలిచి, గజ ఈతగాళ్లు వచ్చేదాకా తేలి ఉండటమే గెలుపు. ఇది విన్నవాళ్లు ఇంట్లో పిల్లలకి చెప్పండి. ఈ ప్రసంగంలో మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు.

నేను ఆ తలుపు దగ్గర చేసింది కూడా అదే, ఎదురీత. కాకపోతే నాది ఇంట్లో జరిగింది.

మనిషి ఒక్కడే కాదు, దేశాలు కూడా తలుపు పట్టుకుని నిలబడ్డాయి. 1962లో అమెరికా ప్రభుత్వం స్టార్మ్‌ఫ్యూరీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. లక్ష్యం తుపాన్ల కోరలు పీకడం. విమానాల్లో తుపానులోకి వెళ్లి, కన్ను చుట్టూ ఉన్న మేఘాల్లో సిల్వర్ అయొడైడ్ చల్లేవారు. గడ్డకట్టే చలిలో కూడా నీరుగానే ఉన్న బిందువులు దానితో మంచుగా మారతాయి, అలా గడ్డకట్టేటప్పుడు పుట్టే వేడికి కొత్త మేఘాల వలయం లేచి పాత వలయాన్ని దెబ్బతీస్తుంది, గాలి నెమ్మదిస్తుంది. ఇదీ వాళ్ల లెక్క. 1969లో డెబ్బీ అనే తుపాను మీద ఇలాగే చల్లితే గాలి నిజంగానే తగ్గింది. మొదటిసారి దాదాపు మూడో వంతు తగ్గింది. అందరికీ ఆశ పుట్టింది.

తర్వాత తేలిందేమిటంటే, ఎవరూ ఏమీ చల్లని తుపాన్లు కూడా అలాగే తమంతట తామే కొత్త వలయం కట్టుకుంటాయి, కాసేపు తగ్గుతాయి, మళ్లీ పుంజుకుంటాయి. పైగా తుపాను మేఘాల్లో మంచుగా మార్చడానికి సరిపడా చల్లటి నీరే ఉండదు. మనం చేశామనుకున్నది తుపాను తనే చేసుకుంది. 1983లో ప్రాజెక్టు మూసేశారు. ఇరవై ఒక్క ఏళ్ల పట్టు అలా ఒగ్గేశారు.

అయితే ఆ కాలమంతా వాళ్లు తుపాన్ల కడుపులోకి విమానాలు పంపి కొలతలు తీసుకున్నారు. గాలి ఎక్కడ ఎంత, వేడి ఎంత, తేమ ఎంత అని. తుపానుని ఆపడానికి పనికిరాని ఆ కొలతలు, అది ఎటు వెళుతుందో ఎంత బలపడుతుందో చెప్పడానికి పనికొచ్చాయి. ఇవాళ లోకమంతా తుపాను విషయంలో చేసేది అదే. ఆపడం మానేసి, ముందు కనిపెట్టడం మీద దృష్టి పెట్టారు.

మన దగ్గర వాతావరణ శాఖ హెచ్చరికలు అంచెలంచెలుగా వస్తాయి. తీరంలో చెడ్డ వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఇంకొకటి, తీరం దాటడానికి 12 గంటల ముందు మరొకటి. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. పదో నంబరంటే మహా ప్రమాదం. దాని పైన పదకొండు ఎందుకని పిల్లలడిగేవారు. పదకొండు అంటే తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక అక్కణ్ణుంచి కబురు రాదు అని. నాకు ఆ పదకొండో నంబరంటే చాలా గౌరవం. తెలియడం లేదని సూచిక ఎగరేసి మరీ ఒప్పుకోవడం అది. తెలియదని ఒప్పుకున్నాక ఓడ కెప్టెను తన ఓడని తాను చూసుకుంటాడు.

ముందు కనిపెట్టడం వల్ల ఏం ఒరిగింది అంటే రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. అసలు సంఖ్య అంతకు చాలా ఎక్కువని చెప్పేవాళ్లున్నారు. 2014లో హుద్‌హుద్ ఒక మహానగరం నడినెత్తిన దిగినా, మన రాష్ట్రంలో ప్రాణనష్టం పదుల్లో ఆగింది. ఈ రెండింటి నడుమ గాలికి బుద్ధి రాలేదు, సముద్రం మెత్తబడలేదు. ఆ ముప్ఫై ఏడేళ్లలో మనుషులు తుపాను షెల్టర్లు కట్టారు, తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు, ఊళ్లు ముందుగా ఖాళీ చేయించడం నేర్చుకున్నారు. దేని మీద మాట చెల్లుతుందో దాని మీద పనిచేశారు.

దివిసీమ పేరు తలిస్తే నాకు ఒకే ఒక్క మనిషి గుర్తొస్తాడు. మా స్కూల్లో సోషల్ మాస్టారు. అవనిగడ్డ అవతల ఆయన ఊరు. పేరు చెప్పను, ఆయనకి ఇష్టం ఉండదు. ఏటా నవంబరు 19న సెలవు పెట్టేవాడు. ఓ ఏడాది సెలవు దొరక్క స్టాఫ్ రూములో కూర్చుని ఉన్నాడు. అడగకుండానే చెప్పాడు. ఆ రాత్రి ఆయనకి పంతొమ్మిదేళ్లు. ఒక చేత్తో తుమ్మచెట్టు కొమ్మ, ఇంకో చేత్తో తమ్ముడి చెయ్యి. రెండో కెరటానికి తమ్ముడి చెయ్యి లేదు.

"నేను వదిలేశానండీ" అన్నాడు. పాతికేళ్ల తర్వాత కూడా అదే వాక్యం.

నాకేం అనాలో తెలీలేదు. సానుభూతి మాటలు నాకు సరిగ్గా రావు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద లెక్క వేశాను. ఒక ఘనపు మీటరు నీళ్లు వెయ్యి కిలోలు. మనిషికి మూడింతల ఎత్తు నీటిగోడ. ఒక పిల్లాడి ఒంటి మీద పడే తోపుడు ఇంత. పట్టు నిలవాలంటే పిడికిలికి ఉండాల్సిన బలం ఇంత. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఇద్దరం ఆ బోర్డునే చూస్తున్నాం. "ఏ చెయ్యీ పట్టదండీ ఇది. మీరు వదల్లేదు, లాక్కుపోయింది" అన్నాను. ఆయన చాలాసేపు ఆ అంకెలవైపు చూశాడు. తర్వాత డస్టర్ తీసుకుని తనే తుడిచేశాడు.

ఆ లెక్కతో ఆయన బాధ తీరిపోయిందని చెప్పను. మనం ఒగ్గెయ్యలేని వాటిలో అన్నిటికంటే బరువైంది జరిగిపోయిన రోజు. రేపటి గాలి మీద మన మాట చెల్లకపోవచ్చు గానీ, కనీసం దానికోసం తలుపులు బిగించుకుంటాం. నిన్నటి గాలికి ఆ వీలూ లేదు. అయినా మనసు అక్కడే చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ మరుసటి వేసవిలో ఆయన మా బడి పిల్లల్ని పోగేసి ఈత నేర్పించడం మొదలుపెట్టాడు. రిటైరయ్యేదాకా మానలేదు. పాతికేళ్లు మూసి ఉన్న ఆ పిడికిలి కాస్త సడలి, ఇంకో పిల్లాడి పొట్ట కింద ఆసరాగా నిలిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చెప్పకపోతే ఈ ప్రసంగం కీడు చేస్తుంది. ఒగ్గెయ్ అనే మాటని మనకి మనం చెప్పుకోవడం వేరు, పైవాడు కిందివాడికి చెప్పడం వేరు. పంట మునిగిన రైతుకి, కూలి అందని మనిషికి, అత్తింట్లో దెబ్బలు తినే పిల్లకి అంతా మన చేతిలో లేదమ్మా, ఒగ్గెయ్ అనడం చాలా సులువు. గీతలో ఫలితం సంగతి చెప్పిన మాటని కూడా మనవాళ్లు ఇలాగే వాడుతుంటారు. కూలి డబ్బులు అడిగినవాడికి వినిపిస్తారు, ఇవ్వాల్సినవాడికి వినిపించరు.

హుద్‌హుద్ తర్వాత మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ నెలరోజులు కనబడలేదు. కనబడ్డాక సంగతి తెలిసింది. ఇంటి కప్పు ఎగిరిపోయింది, వాళ్లాయన వలలు కొట్టుకుపోయాయి. నష్టపోయినవాళ్ల జాబితాలో వీళ్ల పేరు లేదు. రోజూ గంప పక్కన పెట్టి ఆఫీసు మెట్ల మీద కూర్చుని వస్తోందట. నేను తెలివిగా, "ఎందుకమ్మా అంత తిరుగుడు, ఆరోగ్యం పాడవుద్ది" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

"గాలి నా సేతిలో లేదు మాస్టారు బాబూ, ఒగ్గేసినాను. కాయితం మీద పేరు దేవుడు రాత్తాడేటి? మనిసే గదా రాసేది. దాన్నెందుకు ఒగ్గెయ్యాలి?"

మూడో నెలలో ఆవిడ పేరు ఎక్కింది. ఎక్కకపోయినా ఆవిడ మాట నిజమే. నేను తలుపు దగ్గర తప్పు చేశాను, ఒగ్గెయ్యాల్సింది పట్టుకున్నాను. ఆవిడకి ఇచ్చిన సలహాలో ఇంకో తప్పు చేశాను, పట్టుకోవాల్సింది ఒగ్గెయ్యమన్నాను. ఎక్కడ గాలి అయిపోయి మనిషి మొదలవుతాడో ఆ గీత ఆవిడకి కనిపించినంత తేటగా నాకు కనిపించలేదు. ఆ తర్వాతనుంచి ఏ కష్టం వచ్చినా ఆవిడ ప్రశ్నే వేసుకుంటాను: ఇది గాలి పనా, మనిషి పనా? మనిషి పనైతే అడగడం మానకూడదు.

ఇళ్లల్లో రోజూ జరిగేవి ఇంత పెద్ద తుపాన్లు కావు. మా చెల్లెలి సంగతి చెబుతాను, తనేమీ అనుకోదు. దాని కూతురు అమెరికాలో చదువుకుని ఉద్యోగంలో చేరింది. 2023 మార్చిలో హెచ్-వన్‌బీ వీసా లాటరీ. ఏడాదికి మామూలు కోటా 65 వేలు, అక్కడ పెద్ద చదువు చదివినవాళ్లకి ఇంకో 20 వేలు. అడిగేవాళ్లు లక్షల్లో. అందుకని కంప్యూటరు చీటీ తీస్తుంది. ఆ నెలంతా మా చెల్లెలికి నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి ఫోను చూడటం, పిల్ల వాట్సాప్‌లో చివరిసారి ఎప్పుడు కనబడిందో చూడటం, ఆ ఊళ్లో ఎండా వానా చూడటం, మళ్లీ పడుకోవడం. ఒకరోజు ఆ పిల్లే విసిగి అడిగింది: "అమ్మా, నువ్వు మేలుకున్నావని కంప్యూటర్‌కి తెలుస్తుందా?"

చీటీ రాలేదు. మా చెల్లెలు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజున, ఎందుకో తనకే తెలీదంటుంది, ఫోను చేసి వీసా సంగతి ఎత్తకుండా "ఏం వండుకున్నావే?" అని అడిగింది. ఆ పిల్ల గంటసేపు మాట్లాడింది. అన్నాళ్లూ ప్రతి ఫోనులోనూ "ఏమైంది, ఏమైంది" అనే ప్రశ్నే ఉండేసరికి, ఆ పిల్ల తన భయాన్ని తల్లి దగ్గర దాచుకుంటూ వచ్చిందట. తల్లి లాటరీని ఒగ్గేశాక కూతురు చేతికి దొరికింది. ఒగ్గేస్తే ప్రేమ తగ్గినట్టని భయపడతాం గానీ, మా ఇంట్లో జరిగింది వేరే.

మరి ఒగ్గెయ్యడం ఎలా? ఒక్కసారి అనుకుంటే అయ్యే పని కాదిది. తలుపు దగ్గర నేను ఒగ్గేసింది కూడా నా జ్ఞానంతో కాదు, అమ్మ కేకతో. అలాంటి కేక వేసేవాళ్లు ఇంట్లో ఒకరుండటం అదృష్టం. లేనప్పుడు నేను చేసే పని చిన్నది. మనసు దేనికో అంటుకుపోయి ఉన్నప్పుడు, ఈ గంటలో నా రెండు చేతులతో దీనికి చెయ్యగలిగిన పని ఏమైనా ఉందా అని అడుగుతాను. ఉంటే చేస్తాను. లేకపోతే ఆ గంటకి మాత్రం ఒగ్గేస్తాను. జన్మకంతా ఒగ్గెయ్యమంటే మనసు వినదు, గంటకంటే బేరం కుదురుతుంది. తర్వాతి గంట మళ్లీ పట్టుకుంటుంది. మళ్లీ అడుగుతాను. ఆ నెల మా చెల్లెలికి కూడా ఇదే చెప్పాను. మొదట్లో నన్ను తిట్టింది.

ఇంకోటి మా ఊరి చెట్లు నేర్పాయి. తుపాను మర్నాడు విశాఖలో ఎటు చూసినా ఆకు లేదు. కైలాసగిరి గోధుమరంగు గుట్టలా మిగిలింది. చాలా చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నిలిచినవి కూడా మోడులే. చచ్చాయనే అనుకున్నాం. నెల తిరక్కుండా ఆ మోడుల్లో కొన్నిటికి లేత ఆకులు వచ్చాయి. గాలికి చెట్టులో ఎక్కువగా దొరికేది ఆకుల గుబురే. ఆకులు రాలిపోయిన కొమ్మ గాలికి అంతగా చిక్కదు. ఆకులు పోనిచ్చినవి కొన్ని వేళ్లు దక్కించుకున్నాయి. మా వీధి చివర వేపచెట్టు అలా దక్కిందే. అమ్మ రోజూ దాని కిందే నిలబడి కూరగాయలు బేరమాడేది.

అమ్మ పోయి అయిదేళ్లయింది. చివరి నెలల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని నేను రిపోర్టులన్నీ మళ్లీ మళ్లీ తిరగేసేవాణ్ణి, ఏదో ఒక అంకె మారితే చాలన్నట్టు. ఒక సాయంత్రం ఆవిడ నా చేతిలో కాయితాల్ని వేలితో చూపించింది. కేక వేసే ఓపిక లేదు. పెదవులు మాత్రం కదిపింది. ఏమన్నదో నాకు వినబడలేదు గానీ, తెలిసింది. కాయితాలు పక్కన పెట్టి కాళ్లు ఒత్తుతూ కూర్చున్నాను. ఆ తర్వాత మిగిలిన పదకొండు రోజులూ అదే పని.

మొన్న భీమిలి వెళ్లాను, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి. పొద్దున్నే ఒకాయన మోకాలిలోతు నీళ్లలో నిలబడి విసురు వల వేస్తున్నాడు. వలని మడతలు మడతలుగా మోచేతి మీద సర్దుకున్నాడు. అంచున సీసపు గుళ్లు. నడుము ఒక్కసారి తిప్పి మొత్తం వల గాల్లోకి వదిలేశాడు. అది పెద్ద విస్తరిలా గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. ఏ మడతైనా చేతిలో ఉండిపోతే వల విచ్చుకోదు, ముద్దలా పడుతుంది, చేప పడదు. అందుకని అంతా ఒగ్గెయ్యాల్సిందే. కానీ దగ్గరికెళ్లి చూస్తే మణికట్టుకి ఒక తాడు చుట్టి ఉంది. వల నడినెత్తిన కట్టిన తాడు. అదొక్కటీ ఒగ్గడు.

కాసేపు నీళ్లకేసి చూసి, ఆ తాడు మెల్లగా లాగడం మొదలుపెట్టాడు.